వీడియో ఆటలకు మార్కులు: కొలతా? అభిప్రాయమా?

విండ్సర్ నగరవాసులకు మార్పిడి లెక్కలు కొత్త కావు. నదికి ఆవలి ఒడ్డున ఉన్న డెట్రాయిట్ రేడియో ఉష్ణోగ్రత 50 డిగ్రీలని చెబుతుంది. ఈవలి ఒడ్డున కెనడా రేడియో అదే గాలిని 10 డిగ్రీలంటుంది. అంబాసిడర్ వంతెన దాటితే కిలోమీటర్లు మైళ్ళవుతాయి, లీటర్లు గాలన్లవుతాయి. అయినా ఎవ్వరూ తికమకపడరు. ఫారన్‌హీట్ అంకె నుంచి 32 తీసివేసి, శేషాన్ని 5తో హెచ్చించి 9తో భాగిస్తే సెల్సియస్ అంకె వస్తుంది. ఈ సూత్రం డెట్రాయిట్‌లోనూ, విండ్సర్‌లోనూ, విజయవాడలోనూ ఒక్కటే. అంకెలు రెండైనా వాటి వెనుక ఉన్న వేడిమి ఒక్కటే గనుక ఒకదాన్ని మరొకదానిలోకి నిశ్చింతగా మార్చుకోవచ్చు.

అదే నగరంలోని తెలుగు ఇళ్ళలో పిల్లల నోట మరొక జాతి అంకె వినిపిస్తూ ఉంటుంది. టెలివిజనుకు తగిలించి ఆడుకొనే కన్సోల్ యంత్రానికి కొత్త ఆట కొనిపెట్టమని అడిగే పిల్లవాడు తన వాదనకు బలంగా "దీనికి తొంభై పైన వచ్చింది" అంటాడు. దేనికి తొంభై? డిగ్రీలా, గ్రాములా, వోల్టులా? కొలిచినవారెవరు? వారి చేతిలోని పరికరమేమిటి? తండ్రి కార్ల కర్మాగారంలో పనిచేసేవాడైనా, తల్లి ఆసుపత్రి ప్రయోగశాలలో పరీక్షలు చేసేదైనా ఈ ప్రశ్నలు వేయడం వారి వృత్తిధర్మం. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ అంకెను చూసి వారూ తలూపుతారు. పేరున్న కొత్త ఆట ఖరీదు 90 కెనడియన్ డాలర్లైతే, ఒంటారియోలో 13 శాతం పన్ను కలిపేసరికి నూరు దాటుతుంది. నూరు డాలర్లు వెచ్చించే ముందు ఏదో ఒక ప్రమాణం కావాలనుకోవడం సహజమే. ఆ ప్రమాణం ఎలా తయారవుతుందో, దాన్ని నమ్ముకొని ఎవరి జీవనోపాధి నడుస్తున్నదో తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

విమర్శ పుట్టిన విధం

సినిమా విమర్శతో పోలిస్తే వీడియో ఆటల విమర్శ పసిబిడ్డ. 1979లో అమెరికాలోని 'వీడియో' అనే పత్రికలో బిల్ కంకెల్, ఆర్నీ కాట్జ్ అనే ఇద్దరు 'ఆర్కేడ్ ఆలీ' పేరిట ఒక శీర్షిక ఆరంభించారు. ఆటలను గురించి క్రమం తప్పకుండా వెలువడిన విమర్శకు అదే శ్రీకారమని చెప్పవచ్చు. 1981లో వారే 'ఎలక్ట్రానిక్ గేమ్స్' అనే ప్రత్యేక పత్రికను స్థాపించారు. అయితే ఆ రోజుల్లో ఆటలు కొనేవారిలో పత్రికలు చదివి కొనేవారు బహు కొద్దిమంది. పెట్టె మీది బొమ్మను చూసి కొనడమే రివాజు.

దాని ఫలితం 1982, 1983 సంవత్సరాలలో కనబడింది. 'ఇ.టి.' సినిమా పేరు మీద అటారీ కంపెనీ ఒక ఆటను సుమారు అయిదు వారాలలో తయారు చేయించి 1982 క్రిస్మస్ నాటికి లక్షలాదిగా అచ్చొత్తించి వదిలింది. అమ్ముడుపోని సరుకును మరుసటి ఏడాది న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. ఇది కట్టుకథ అని చాలాకాలం అనుకున్నారు గాని, 2014లో తవ్వి చూస్తే ఆ డబ్బాలు నిజంగానే బయటపడ్డాయి. 1983లో ఉత్తర అమెరికాలో ఇంటి ఆటల వ్యాపారం మొత్తం కుప్పకూలింది. కారణాలు అనేకం, వాటిలో ఒకటి, కొనకముందే మంచి చెడులను వేరుచేసి చెప్పే నమ్మకమైన గొంతు లేకపోవడం. ఒకటి రెండు సార్లు మోసపోయిన కొనుగోలుదారు మంచి సరుకును కూడా అనుమానించడం మొదలుపెడతాడు.

జపానులో 1986లో మొదలైన 'ఫామిత్సు' పత్రిక ఒక చక్కని పద్ధతిని పెట్టింది. ప్రతి ఆటనూ నలుగురు విమర్శకులు విడివిడిగా ఆడి, ఒక్కొక్కరు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. మొత్తం నలభై. నలభైకి నలభై పొందిన మొదటి ఆట 1998లో నింటెండో సంస్థ విడుదల చేసిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్'. అంటే పన్నెండేళ్ళ పాటు ఏ ఆటకూ పూర్తి మార్కులు వేయలేదన్నమాట. అమెరికాలో 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ' పత్రిక కూడా నలుగురి పద్ధతినే అనుసరించింది. ఈ పద్ధతిలో ఉన్న సొగసు ఏమిటంటే, నలుగురి మార్కులూ పక్కపక్కనే అచ్చయ్యేవి. ఒకరు 9 వేసి మరొకరు 5 వేస్తే, ఆ ఆట అందరికీ నచ్చేది కాదని పాఠకుడికి వెంటనే తెలిసిపోయేది. ప్రయోగశాలలో ఒకే నమూనాను నాలుగుసార్లు పరీక్షించి నాలుగు ఫలితాలనూ దాచకుండా చూపడం వంటిదది.

2001లో 'మెటాక్రిటిక్' అనే సంస్థ వచ్చి ఈ నాలుగును నలభై, ఎనభై, నూరు చేసింది. లోకంలోని పత్రికలన్నిటి మార్కులనూ సేకరించి, అన్నింటినీ నూటికి మార్చి, సగటు తీసి ఒకే ఒక్క అంకెగా ప్రకటించడం దాని పని. అలా సగటు తీసేటప్పుడు కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ బరువు ఇస్తుంది. ఏ పత్రికకు ఎంత బరువో చెప్పదు. తూకపురాళ్ళను గుడ్డ కప్పి తూచే దుకాణాన్ని మన ఊరి సంతలో ఎవరైనా సహించేవారా అన్నది ఆలోచించవలసిన సంగతి.

సగటు తీయదగినవీ, తీయరానివీ

ఇక్కడ కొంచెం శాస్త్రం అవసరమవుతుంది. 1946లో ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 'సైన్స్' పత్రికలో కొలమానాలను నాలుగు తరగతులుగా విభజించి చూపాడు. కేవలం పేరు పెట్టేవి మొదటి తరగతి. వరుస మాత్రమే చెప్పేవి రెండవది. అంతరాలు సమానంగా ఉండేవి మూడవది. నిజమైన సున్న ఉన్నవి నాలుగవది. బరువు నాలుగవ తరగతికి చెందుతుంది: 40 కిలోలు 20 కిలోలకు సరిగ్గా రెట్టింపు. సెల్సియస్ ఉష్ణోగ్రత మూడవ తరగతి: 20కీ 30కీ మధ్య ఎడమ, 30కీ 40కీ మధ్య ఎడమ సమానమే గాని, 40 డిగ్రీలు 20 డిగ్రీలకు రెట్టింపు వేడి కాదు.

రెండవ తరగతికి మంచి ఉదాహరణ ఖనిజాల గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానం. 19వ శతాబ్ది ఆరంభంలో ఫ్రీడ్రిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పది ఖనిజాలను వరుసలో నిలబెట్టాడు. చిన్ననాడు పలక మీద వ్రాసిన బలపపు రాయికి 1, కెంపు, నీలం జాతికి చెందిన కురువిందానికి 9, వజ్రానికి 10. ఒకటి మరొకదానిపై గీత పెట్టగలిగితే అది పైమెట్టు, అంతే. 9కీ 10కీ మధ్య ఒక్క మెట్టే ఉన్నా, పరికరాలతో కొలిస్తే వజ్రం కురువిందం కంటే సుమారు నాలుగు రెట్లు గట్టిది. కావున మోస్ అంకెలకు సగటు తీయడం అర్థం లేని పని. బలపాన్నీ కురువిందాన్నీ కూడి రెండుతో భాగిస్తే, 5 అంకె గల ఖనిజపు గట్టిదనం రాదు.

అంతరాల సంగతి తెలిసి ఉన్నప్పుడు కూడా జాగ్రత్త తప్పదు. ఆమ్లత్వాన్ని చెప్పే పి.హెచ్. అంకె 2 ఉన్న ద్రావణాన్ని, 4 ఉన్న ద్రావణాన్ని సమపాళ్ళలో కలిపితే ఫలితం 3 అని కొత్త విద్యార్థి వ్రాస్తాడు. బలమైన ఆమ్లాల విషయంలో అసలు జవాబు సుమారు 2.3. పి.హెచ్. కొలమానంలో ఒక్కొక్క మెట్టు పదేసి రెట్లని మరచిపోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది.

ఇప్పుడు ఆటల మార్కులను ఈ నాలుగు తరగతులలో ఎందులో పెట్టాలి? 8 వేసిన ఆట 7 వేసిన ఆట కంటే ఆ విమర్శకుడికి ఎక్కువ నచ్చిందన్నంత వరకు నిశ్చయంగా చెప్పవచ్చు. 7కీ 8కీ ఎడమెంతో, 8కీ 9కీ ఎడమెంతో ఆయనకే తెలియదు. కావున అవి మోస్ మెట్లవంటివే. పైగా ఒక్కొక్క విమర్శకుడిదీ ఒక్కొక్క మెట్ల వరుస. వాటినన్నిటినీ కూడి, భాగించి, తీరా వచ్చిన ఫలితాన్ని పరికరం చెప్పినంత ధీమాతో ప్రకటిస్తున్నారు.

ఒక్కొక్కరిదీ ఒక్కొక్క వరుస అన్నమాటను ప్రవాస తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ పరీక్షలో 35 వస్తే గట్టెక్కినట్టు. 60 వస్తే ఫస్టు క్లాసు, బంధువులకు మిఠాయిలు. ఒంటారియో పాఠశాలలో 60 తెచ్చుకున్న పిల్లవాడు ప్రగతి పత్రాన్ని పుస్తకాల సంచి అడుగున దాచుకుంటాడు. ఉన్నత విద్యకై విండ్సర్ విశ్వవిద్యాలయానికి వచ్చే తెలుగు విద్యార్థుల మార్కుల పత్రాలను ఇక్కడి ప్రమాణాలకు సరిపోల్చి చూడవలసి రావడం ఇందుకే. ఆ పోల్పుకు 32 తీసివేసి 5తో హెచ్చించడం వంటి సూత్రమేదీ లేదు. అనుభవంతో చేసే అంచనాయే ఆధారం.

ఆటల విమర్శకు వస్తే ఇదే చిక్కు ఇంకా ముదిరింది. కొన్ని పత్రికలు పదికి వేస్తాయి, కొన్ని అయిదు నక్షత్రాలిస్తాయి, కొన్ని బడిలో వలె ఎ, బి, సి అక్షరాలిస్తాయి. మెటాక్రిటిక్ ప్రకటించిన పట్టిక ప్రకారం 'ఎ' అంటే 100, 'బి' అంటే 75, 'బి మైనస్' అంటే 67, 'ఎఫ్' అంటే సున్న. అమెరికా బడులలో బి మైనస్ సాధారణంగా ఎనభై పరిసరాలలో ఉంటుంది. అంటే విమర్శకుడు మనసులో ఎనభై అనుకొని బి మైనస్ వేస్తే, లెక్కల పుస్తకంలో 67 అని జమ పడుతున్నది. అన్నిటికీ మించి మెటాక్రిటిక్ స్వయంగా రంగులు వేసే తీరు చూడండి. సినిమాకు 61 వస్తే పచ్చరంగు. ఆటకు పచ్చరంగు కావాలంటే 75 రావాలి. 65 వచ్చిన సినిమా బాగున్నట్టు, 65 వచ్చిన ఆట అంతంతమాత్రం! ఆటల విమర్శకులు చేతికి ఎముక లేనట్టు మార్కులు వేస్తారనీ, వారి కొలబద్దలో కింది సగం దుమ్ముపట్టి ఉన్నదనీ కొలిచేవారే ఒప్పుకున్నట్టు ఇందువల్ల తేలుతుంది.

ఒక్క మార్కు ఖరీదు

ఇదంతా పండితుల తర్కంగా మిగిలిపోతే నష్టం లేదు. మిగలలేదు. 2010 అక్టోబరులో 'ఫాల్అవుట్: న్యూ వేగాస్' అనే ఆట విడుదలైంది. తయారు చేసినది కాలిఫోర్నియాలోని ఒబ్సిడియన్ సంస్థ, ప్రచురించినది బెథెస్డా. ఒబ్సిడియన్ సంస్థాపకులలో ఒకడైన క్రిస్ అవెలోన్ 2012 మార్చిలో ఒక సంగతి బయటపెట్టాడు. ఆ ఆటకు తమకు ముట్టినది ఒక్కసారి చెల్లించిన మొత్తం మాత్రమేననీ, అమ్మకాలపై వాటా లేదనీ, మెటాక్రిటిక్ సగటు 85 గాని ఆపైన గాని వస్తే అదనపు బహుమానం ఇస్తామన్న షరతు ఉండేదనీ, అది అందలేదనీ చెప్పాడు. వచ్చిన సగటు 84. అదే నెలలో ఆ సంస్థ కొందరు ఉద్యోగులను తొలగించవలసి వచ్చింది. వేరొక ఆట రద్దు కావడం ఆ తొలగింపుకు తక్షణ కారణమైనా, చేతిలో ఆ బహుమానం ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న చాలామంది నోట వినిపించింది.

84కీ 85కీ తేడా ఎంత? ఉదాహరణకు 80 మంది విమర్శకుల మార్కులున్నాయనీ, అవి సగటుకు అటూ ఇటూ సుమారు 9 మార్కుల మేర చెదరి ఉన్నాయనీ అనుకుందాం. మార్కులను సగటు తీయదగిన కొలతలుగానే ఒక క్షణం ఒప్పుకుందాం. అప్పుడు సగటులోని అనిశ్చితి, 9ని 80 యొక్క వర్గమూలంతో భాగించగా వచ్చే ఫలితం, అనగా రమారమి ఒకటి. వేరొక 80 మంది చేత ఆడించి ఉంటే సగటు 83 కావచ్చు, 85 కావచ్చు. ఏ విశ్లేషణ ప్రయోగశాలలోనైనా ఇటువంటి ఫలితాన్ని '84, ఒకటి అటూ ఇటూ' అని వ్రాస్తారు. 84 వచ్చిన నీటిని తాగరాదనీ 85 వచ్చిన నీటిని తాగవచ్చుననీ దీనిని బట్టి తీర్పు చెప్పేవారు ఉండరు.

విండ్సర్ కార్ల నగరం గనుక ఇంకొక పోలిక కూడా సబబుగానే ఉంటుంది. క్రైస్లర్ వారి కర్మాగారంలో 1983 నుంచి మినీవ్యాన్లు తయారవుతున్నాయి. కొత్త బండి అద్దం మీద అంటించిన కాగితంలో నూరు కిలోమీటర్లకు ఇన్ని లీటర్లన్న అంకె ఉంటుంది. కెనడాలో 2015 నమూనా బండ్ల నుంచి ఆ అంకెను అయిదు రకాల పరీక్షలతో నిర్ణయిస్తున్నారు: ఊరిలో నడక, రహదారి నడక, చలిలో, ఎండలో శీతల యంత్రం వేసి, వేగంగా. ఎవరు చేసినా అదే పద్ధతి. కార్ల పత్రికలు నక్షత్రాలు కూడా ఇస్తాయి. ఆ నక్షత్రాలను అభిప్రాయంగానే అందరూ తీసుకుంటారు. కర్మాగారంలో తలుపులు బిగించేవాడి వేతనం కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉంటుంది గాని, ఏదో పత్రిక నాలుగు నక్షత్రాలు వేసిందా నాలుగున్నర వేసిందా అన్నదాన్ని పట్టి ఉండదు. ఆటల పరిశ్రమలో అభిప్రాయానికి కొలత వేషం వేసి, ఆ వేషానికి జీతం ముడిపెట్టారు.

విమర్శకుడి ముందున్న నమూనా

కొలతలో మరొక ముఖ్యమైన అంగం నమూనా సేకరణ. బావి నీరు పరీక్షించమంటే బావి నుంచే నీరు తేవాలి. పక్కింటి కుళాయి నుంచి తెస్తే ఎంత గొప్ప పరికరమైనా నిష్ఫలం.

2020 డిసెంబరులో పోలండ్ దేశపు సి.డి. ప్రొజెక్ట్ సంస్థ 'సైబర్‌పంక్ 2077' అనే ఆటను విడుదల చేసింది. విడుదలకు ముందు విమర్శకులకు ఇచ్చినది శక్తిమంతమైన కంప్యూటర్లపై నడిచే ప్రతి మాత్రమే. తాము ఆడినప్పటి దృశ్యాలను చూపరాదనీ, సంస్థ ఇచ్చిన దృశ్యాలనే వాడాలనీ నిబంధన. సహజంగానే తొలి మార్కులు తొంభై పరిసరాలలో వచ్చాయి. అవి చూసి లక్షలమంది ముందుగానే డబ్బు కట్టి కన్సోల్ ప్రతిని కొన్నారు. పాత ప్లేస్టేషన్ 4 మీద ఆ ఆట అడుగడుగునా తడబడింది, ఆగిపోయింది. కన్సోల్ ప్రతిని విమర్శకులు పరీక్షించిన తరువాత దాని సగటు అరవైకి దిగువనే తేలింది. వారం తిరిగేసరికి, డిసెంబరు 17న, సోనీ సంస్థ ఆ ఆటను తన దుకాణం నుంచి తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ప్రకటించింది. 2021 జూన్ వరకు అది తిరిగి రాలేదు. విమర్శకులు అబద్ధమాడలేదు. వారి చేతికి వచ్చిన నీరు వేరు, ప్రజలు తోడుకున్న బావి వేరు. అయితే ఆ సంగతిని మొదటి రోజునే పెద్ద అక్షరాలలో వ్రాసిన పత్రికలు తక్కువ.

పత్రికకు ప్రకటనలిచ్చేదీ, పత్రిక పరీక్షించేదీ ఒకే సంస్థ కావడం పాత రోగం. 2007 నవంబరులో 'గేమ్‌స్పాట్' విమర్శకుడు జెఫ్ గెర్‌స్ట్‌మన్ 'కేన్ అండ్ లించ్' అనే ఆటకు పదికి 6 వేశాడు. అదే సమయంలో ఆ ఆట ప్రకటనలు గేమ్‌స్పాట్ అంతటా నిండి ఉన్నాయి. కొద్ది రోజులలో ఆయన ఉద్యోగం పోయింది. ఆటల ప్రచురణకర్తల ఒత్తిడికి యాజమాన్యం తలొగ్గిందని 2012లో, ఒప్పందపు ఆంక్షలు తొలగిన తరువాత, ఆయన స్వయంగా వివరించాడు. దుమ్ముపట్టిన కింది సగం సంగతి ఇప్పుడు మరికొంత బోధపడుతుంది.

విమర్శకులను నమ్మలేకపోతే ఆటగాళ్ళనే అడుగుదామంటే, అక్కడా చిక్కే. 2020 జూన్‌లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగం'కు విమర్శకుల సగటు 93. విడుదలైన కొద్ది గంటలకే వేలాది ఆటగాళ్ళు వేసిన మార్కుల సగటు పదికి నాలుగు కూడా లేదు. ఆ ఆట పూర్తిచేయడానికి పాతిక గంటలకు తక్కువ పట్టదు! కథలో ఏం జరుగుతుందో ముందే విని కోపగించినవారు ఆడకుండానే మార్కులు వేశారన్నమాట. ఆ గొడవ తరువాత జూలై నెలలో మెటాక్రిటిక్ ఒక నియమం పెట్టింది: ఆట విడుదలైన 36 గంటల వరకు ఆటగాళ్ళు మార్కులు వేయరాదు. అన్నం ఉడికేదాకా రుచి చెప్పరాదన్న నియమం పెట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

హైదరాబాదు నుంచి వచ్చిన బాలహనుమంతుడు

ఈ వ్యవహారం అమెరికా, పోలండ్, జపానులకే పరిమితమని అనుకోనక్కరలేదు. భారతదేశంలో సంపూర్ణంగా తయారైన తొలి కన్సోల్ ఆట హైదరాబాదులోనే పుట్టింది. అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ నిర్మించగా సోనీ సంస్థ 2009లో ప్లేస్టేషన్ 2 యంత్రానికి విడుదల చేసిన ఆ ఆట పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. ప్లేస్టేషన్ 3 వచ్చి అప్పటికి మూడేళ్ళు కావస్తున్నా, మన దేశంలో మధ్యతరగతి ఇళ్ళకు అందుబాటులో ఉన్నది ప్లేస్టేషన్ 2 యే.

ఆ ఆటకు మూడు దిక్కుల నుంచి తీర్పు వచ్చింది. విమర్శకులు చెండాడారు. మీట నొక్కితే పాత్ర కదిలే తీరు మొరటుగా ఉన్నదనీ, దృశ్యాలు వెలవెలబోతున్నాయనీ, పోరాటం విసుగు పుట్టిస్తుందనీ వ్రాశారు. అదే యంత్రంపై 2005లో గ్రీకు పురాణాల ఆధారంగా వచ్చి 94 సగటు తెచ్చుకున్న 'గాడ్ ఆఫ్ వార్' వారి కళ్ళముందు ఉండనే ఉన్నది. రెండవ తీర్పు అమెరికా నుంచి. నెవాడాలో నివసించే హిందూ నాయకుడు రాజన్ జెడ్, కోట్లాదిమంది పూజించే దైవాన్ని ఆటగాడు చేతిలోని మీటలతో ఆడించడం దైవాన్ని చులకన చేయడమేనని ఆక్షేపించి, ఆటను ఉపసంహరించమని సోనీని కోరాడు. మూడవది పరిశ్రమ తీర్పు: ఎలా ఉన్నా, ఒక కన్సోల్ ఆటను ఆదినుంచి అంతం వరకు తయారు చేయగల బృందం హైదరాబాదులో ఉన్నదని రుజువైంది. అదే సంవత్సరం హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ కబడ్డీ వంటి మన ఆటలతో 'దేశీ అడ్డా' అనే కన్సోల్ ఆటను తయారు చేసింది.

ఈ మూడు తీర్పులలో ఏది సరి? మూడూ సరైనవే కావచ్చు. విమర్శకులు అన్యాయం చేశారని వాదించడం దేశాభిమానమే అవుతుంది గాని న్యాయం కాదు. ఆ ఆట బలహీనమైనదే. కొన్న పిల్లవాడికి తొలి ప్రయత్నమన్న సానుభూతి చూపవలసిన బాధ్యత లేదు. అయితే పదికి ఇన్ని అన్న ఒక్క అంకె ఈ మూడింటిలో మొదటి దానికి మాత్రమే సంబంధించినది. రెండవదాన్ని అది ఎరుగదు, మూడవదాన్ని మింగివేస్తుంది. 2020లో పుణే నుంచి వచ్చిన 'రాజీ: ఏన్ ఏన్షియెంట్ ఎపిక్' విషయంలోనూ విమర్శకులు చిత్రకళను, శిల్పసౌందర్యాన్ని మెచ్చుకొని పోరాటపు తీరును తప్పుపట్టారు. సూక్ష్మచిత్రాల అందానికి 9, పోరాటానికి 5 అని విడివిడిగా చదివినవాడికి తనకు కావలసినదేమిటో తెలుస్తుంది. రెండూ కలిపి 7 అన్న అంకె చూసినవాడికి అందమూ తెలియదు, లోపమూ తెలియదు. ఈ పంక్తులలోని 9, 5 కేవలం ఉదాహరణకే అని గమనించాలి.

హైదరాబాదులో నేడు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థల కార్యాలయాలున్నాయి. ఎందరో తెలుగు యువతీయువకులకు ఆటలు చేయడమే జీవనోపాధి. విండ్సర్‌లో సెయింట్ క్లెయిర్ కళాశాల 2017లో పోటీ ఆటల జట్టును నెలకొల్పి, ఆ తరువాత ఆ రంగంలో చదువు కూడా ప్రవేశపెట్టింది. ఆటలంటే చదువు పాడుచేసే కాలక్షేపమని ఒకనాడు అనుకున్న కుటుంబాలలోనే రేపు ఒకరి జీతం ఆ అంకె మీద ఆధారపడవచ్చు.

రెండు రకాల రేటింగులు

తల్లిదండ్రులు తరచుగా కలగాపులగం చేసుకొనే సంగతి ఒకటున్నది. విమర్శకుల మార్కు వేరు, పెట్టె మీద ఉండే వయసు గుర్తు వేరు. 1993 డిసెంబరులో అమెరికా సెనేట్‌లో 'మోర్టల్ కాంబాట్', 'నైట్ ట్రాప్' వంటి ఆటలపై విచారణ జరిగిన తరువాత 1994లో పరిశ్రమ స్వయంగా ఇ.ఎస్.ఆర్.బి. అనే మండలిని ఏర్పరచుకొని వయసు గుర్తులు పెట్టడం ప్రారంభించింది. ఆంగ్లాక్షరం 'ఇ' అందరికీ, 'టి' పదమూడేళ్ళు నిండినవారికీ, 'ఎమ్' పదిహేడు నిండినవారికీ. కెనడా దుకాణాలలోని పెట్టెల మీదా ఇవే గుర్తులు. 2013లో వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5' విమర్శకుల సగటు 97. వయసు గుర్తు 'ఎమ్'. తొంభై ఏడు చూసి మురిసి పదేళ్ళవాడికి కొనిపెట్టినవారు, నిప్పుకోడికి రెక్కలు చూసి ఎగురుతుందనుకున్నట్టే. 'మాన్‌హంట్' అనే ఆట హింస ఎంత దారుణమైనదంటే, 2004లో ఒంటారియో సినిమా సమీక్షా మండలి దానిని సినిమాగా పరిగణించి, పెద్దలకు మాత్రమే అని ముద్ర వేసింది. విమర్శకుల దృష్టిలో అది పనితనం ఉన్న ఆటే.

ఈ మార్కుల గొడవతో విసిగిన 'యూరోగేమర్' అనే బ్రిటిష్ పత్రిక 2015లో అంకెలు వేయడం మానేసింది. సమీక్ష చదవండి, తప్పక ఆడదగినవాటికి, సిఫారసు చేయదగినవాటికి, దూరంగా ఉండదగినవాటికి చిన్న ముద్ర వేస్తామని చెప్పింది. శాస్త్రీయంగా చూస్తే అంతకంటే నిజాయితీ గల పద్ధతి మరొకటి లేదు: ఉన్నవి మూడు నాలుగు మెట్లే, వాటికి సగటు తీసే వీలూ లేదు. ఎనిమిదేళ్ళు అలాగే నడిచింది. 2023లో ఆ పత్రిక తిరిగి అయిదు నక్షత్రాల పద్ధతికి వచ్చింది.